శాడిస్టు అనే మాట వెనక మనిషి: మార్కీ ద సాద్ గురించి తెలిసినవారు చెప్పండి

మడతపేజీ (ఆదివారం, ఉదయం 10:12)

నిన్నటి జిల్లా ఎడిషన్‌లో మళ్ళీ అదే శీర్షిక: "శాడిస్టు భర్త". ఇంటర్ చదివే మా అమ్మాయి పేపరు మడుస్తూ "అమ్మా, శాడిస్టు ఏ భాష మాట?" అని అడిగింది. ఒక మనిషి పేరు మీద పుట్టిన మాట అన్నాను. "ఎవరతను? ఏం చేశాడు?" అంటే నా దగ్గర సగం జవాబే ఉంది. ఫ్రెంచివాడు, ప్రభువుల ఇంటివాడు, రాయకూడనివి రాశాడు, జైల్లో చచ్చిపోయాడు. అంతకు మించి నాకు తెలియదు.

రెండు సందేహాలు. ఆ పేరును సేడ్ అనాలా, సాద్ అనాలా? అతణ్ణి జైల్లో పెట్టింది రాసినందుకా, చేసినందుకా?

పాత అచ్చు (ఉదయం 11:05)

సాద్ అనండి. ఇంగ్లీషు దారిన వచ్చినవారు సేడ్ అంటారు. మనవాళ్ళు రెండూ కాదని స తీసి శ పెట్టి, సొంత తిట్టు చేసుకున్నారు. హోంవర్కు ఎక్కువ ఇచ్చే మాస్టారు కూడా పిల్లలకు శాడిస్టే. ముప్ఫై ఏళ్ళు బడిలో పనిచేశాను, నన్నూ అన్నారు.

పూర్తి పేరు దొనాసియాన్ అల్ఫోన్స్ ఫ్రాన్స్వా ద సాద్. 1740 జూన్ 2న పారిస్‌లో, కోండే రాజవంశీకుల భవనంలో పుట్టాడు. తల్లి ఆ ఇంటి రాకుమారికి సహచరి, తండ్రి దౌత్యవేత్త. నాలుగేళ్ళ వయసులో, తనకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన కోండే యువరాజును ఆటలో చితక్కొట్టాడట. దాంతో పిల్లవాణ్ణి దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌కు, నాయనమ్మ దగ్గరికి పంపేశారు. తర్వాత పెంచింది చిన్నాన్న. ఆయన క్రైస్తవ మఠాధికారి, మంచి పండితుడు. ఇటలీ కవి పెట్రార్క్ జీవితమంతా ఎవరి మీద పద్యాలు రాశాడో ఆ లారా తమ వంశంలోకి వచ్చిన కోడలేనని వాదిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. అంతటి పండితుడూ 1762లో పారిస్‌లోని ఒక వేశ్యాగృహంలో పోలీసులకు దొరికిపోయాడు. పిల్లవాడు ఎవరిని చూసి పెరిగాడో మీరే ఊహించుకోండి.

పదేళ్ళకు పారిస్‌లో జెస్యూట్ల బడి, పద్నాలుగేళ్ళకు సైన్యం, ఆ తర్వాత సప్తవర్ష యుద్ధం. 1763 మేలో పెళ్ళి. పెళ్ళికూతురు రెనే పెలజీ, మోంత్రోయ్ అనే న్యాయాధికారి కుమార్తె. మగపెళ్ళివారికి వంశం ఉంది, డబ్బు లేదు. ఆడపెళ్ళివారికి డబ్బు ఉంది, వంశం లేదు. ఇలాంటి సంబంధాలు మనకు కొత్తేమీ కాదు. పెళ్ళయి అయిదు నెలలు తిరక్కుండానే అల్లుడుగారు మొదటిసారి వాన్సెన్ కోటలో ఖైదయ్యారు, పదిహేను రోజులు.

బండరాయి (ఉదయం 11:20)

మాస్టారూ, అసలు సంగతికి రండి. బాస్టీల్ జైలును జనం బద్దలు కొట్టినప్పుడు బయటికి తెచ్చింది ఇతణ్ణే కదా?

పాత అచ్చు (ఉదయం 11:31)

కాదు. పది రోజులు ముందే తరలించారు. ఆ కథ దాని చోట చెబుతాను, ఓపిక పట్టండి.

గడపదాటి (మధ్యాహ్నం 12:48)

మడతపేజీ గారి రెండో ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇలాంటి చర్చల్లో అందరూ బాస్టీల్ దగ్గరికి పరుగెత్తి ఒక మనిషిని మాత్రం మరచిపోతారు. ఆమె పేరు రోజ్ కెల్లర్.

1768 ఏప్రిల్ 3, ఈస్టర్ ఆదివారం. భర్త పోయి, నూలు వడికే పని కూడా పోయి, పారిస్‌లో విక్టార్ కూడలి దగ్గర బిచ్చమెత్తుకుంటోంది. ముప్ఫై ఆరేళ్ళు. మంచి దుస్తులు వేసుకున్న ఒక దొర వచ్చి, ఇంటి పని ఉంది, వస్తావా అన్నాడు. బండి ఎక్కించుకుని ఆర్కెయ్ అనే ఊళ్ళో తను అద్దెకు తీసుకున్న ఇంటికి తీసుకువెళ్ళాడు. గదిలో పెట్టి తలుపు వేసి, బట్టలు తీయించి కొరడాతో కొట్టాడు. ఆమె దుప్పట్లు ముడివేసి కిటికీలోంచి దిగి గోడ దూకింది. వీధిలోకి వచ్చిన ఆమెను ముందుగా చేరదీసింది ఆ ఊరి ఆడవాళ్ళే.

తర్వాత ఏం జరిగింది? ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి 2400 లీవ్రల (అప్పటి ఫ్రెంచి డబ్బు) బేరం కుదిరింది. రాజుగారి క్షమాపత్రం వచ్చింది. ఖైదీల రొట్టె కోసం 100 లీవ్రలు కట్టమన్నారు. కొన్ని నెలలు కోటల్లో ఉంచి వదిలేశారు. అప్పటికి సాద్ ఒక్క పుస్తకం కూడా అచ్చు వేయలేదు. కాబట్టి "రాతల కోసం హింసించారు" అని ఎవరైనా మొదలుపెడితే ముందు ఆ కిటికీకి వేలాడిన దుప్పటి గుర్తు చేసుకోవాలి.

లియోన్‌లో ఉంటాను (మధ్యాహ్నం 2:15)

గడపదాటి గారు చెప్పిన ఆ కోటల్లో ఒకటి మా ఊళ్ళోనే ఉండేది. పియెర్ ఆన్సీజ్ అని, సోన్ నది ఒడ్డున కొండరాయి మీద కట్టిన చెరసాల. ఫ్రెంచి విప్లవ కాలంలో పడగొట్టారు, ఇప్పుడు అక్కడ రాయి ఒక్కటే మిగిలింది. రోజూ ఆఫీసుకు ఆ దారినే వెళ్తాను. చాలా రోజులు దాని కథ తెలియదు.

పోయిన వేసవిలో లకోస్త్ కూడా వెళ్ళి వచ్చాం. సాద్ వంశీకుల కోట ఉన్న ఊరు అది. కింద రాళ్ళు పరచిన సందులు, మనుషుల కంటే పిల్లులు ఎక్కువ. పైన సగం కూలిన గోడలు. దొర మీద కోపంతో విప్లవ కాలంలో ఊరివాళ్ళే దోచుకుని పాడుబెట్టారు. కిటికీలు లేని కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. లోయ అవతల బొన్యూ ఊరు, దూరంగా తెల్లటి తలతో వాంతూ పర్వతం. కోట దగ్గర ఒక కంచు తల ఉంది, చుట్టూ పంజరం. మావాడు ఆ పంజరంలో చెయ్యి పెట్టి ఫోటో దిగాడు. ఆయన ఎవరని అడిగితే "పాత రచయిత" అని తప్పించుకున్నాను.

2001లో ఆ కోటను ఫ్యాషన్ ప్రపంచపు పియెర్ కార్దాన్ కొన్నారు. దగ్గర్లోని రాతిగనిలో వేసవి సంగీత నాటకోత్సవాలు మొదలుపెట్టారు. ఊరి సగం ఇళ్ళూ ఆయనే కొనేస్తున్నారని అక్కడివారు చాలాకాలం గొడవ పెట్టుకున్నారు. అంటే ఆ ఊరికి కోటలో ఉండేవారితో పడదేమో, ఎవరైనా సరే!

నల్లకోటు (మధ్యాహ్నం 3:40)

గడపదాటి గారూ, మీ కోపం న్యాయమైనదే. అయినా ఒక విషయం వేరు చేసి చూడాలి. అతను నేరం చేశాడా అనేది ఒక ప్రశ్న. అతణ్ణి మూసిపెట్టింది ఆ నేరానికేనా అనేది ఇంకొకటి.

1772 జూన్‌లో మార్సెయ్ రేవు పట్టణంలో రెండో కేసు. నౌకరు లతూర్‌తో కలిసి వేశ్యల దగ్గరికి వెళ్ళాడు. సోంపు మిఠాయి పెట్టాడు. అందులో కాంతారిడ్ అనే పురుగు పొడి కలిసింది, కామోద్దీపనకు వాడే మందు. ఇద్దరు అమ్మాయిలు వాంతులతో మంచం పట్టారు. విషప్రయోగం, అసహజ నేరం అని అభియోగాలు. దొర, నౌకరు ఇద్దరూ పరారీ. ఎక్స్ నగర న్యాయస్థానం మరణశిక్ష వేసింది. మనుషులు దొరకలేదు గనక 1772 సెప్టెంబర్ 12న నడిబజారులో ఇద్దరి దిష్టిబొమ్మలను తగలబెట్టారు. అవును, అచ్చంగా మన కూడళ్ళలో చేసే పనే. కాకపోతే అక్కడ అది నినాదం కాదు, కోర్టు తీర్పు అమలు.

అతను పారిపోయింది ఇటలీకి. వెంట తీసుకుపోయింది సొంత మరదల్ని, పెలజీ చెల్లెలు ఆన్ ప్రోస్పేర్‌ను. అత్తగారు అసలు శత్రువైంది ఇక్కడే. అంతవరకు అల్లుణ్ణి కాపాడుతూ వచ్చిన మోంత్రోయ్ దొరసాని, ఆ రోజు నుంచి అతణ్ణి కనబడకుండా చేయడమే పనిగా పెట్టుకుంది. సవోయ్‌లో మియోలాన్ కోటలో పట్టించింది, 1773 ఏప్రిల్‌లో అక్కడినుంచి తప్పించుకున్నాడు. 1777 ఫిబ్రవరిలో తల్లి చావుబతుకుల్లో ఉందని విని పారిస్ వస్తే, ఆమె అప్పటికే చనిపోయింది. అక్కడే దొరికిపోయాడు.

ఇప్పుడు చట్టం సంగతి చూడండి. 1778లో ఎక్స్ కోర్టు తన పాత మరణశిక్షను తానే కొట్టివేసింది. మిగిలినవి మందలింపు, మూడేళ్ళు మార్సెయ్‌లో అడుగు పెట్టకూడదన్న ఆజ్ఞ, 50 లీవ్రల జరిమానా. అంతే! అయినా బయటికి రాలేదు. ఎందుకంటే అత్తగారి చేతిలో రాజముద్ర వేసిన చీటీ ఉంది. లెత్ర్ ద కషే అంటారు. విచారణ లేదు, గడువు లేదు, అప్పీలు లేదు. పరువుగల కుటుంబం దరఖాస్తు పెట్టుకుంటే, రాజు సంతకంతో కొడుకునో అల్లుణ్ణో లోపల వేసేవారు. ఖైదీ తిండి ఖర్చు కూడా కుటుంబమే కట్టాలి. ఆ చీటీ మీద 1790 దాకా ఉన్నాడు, దారిలో తప్పించుకున్న కొద్ది వారాలు మినహా.

ఆ చీటీ మీద గడిపిన కాలంలో రోజ్ కెల్లర్ కోసం ఒక్క రోజు కూడా లేదు. ఇంటి పరువు కోసం పదమూడేళ్ళు.

గడపదాటి (సాయంత్రం 4:22)

అది ఒప్పుకుంటాను. ఒప్పుకుంటే నా కోపం తగ్గలేదు, పెరిగింది. 1774 చలికాలంలో లకోస్త్ కోటకు లియోన్, వియెన్ ఊళ్ళ నుంచి పదిహేనేళ్ళ ఆడపిల్లలను పనికని తెచ్చారు. తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఆ పిల్లలను మాట బయటికి రాకుండా అక్కడా ఇక్కడా దాచారు. దాచడంలో భార్య పెలజీ చేతులు కూడా ఉన్నాయి. 1777లో ఇంకో పనిపిల్ల తండ్రి నేరుగా కోటకు వచ్చి సాద్ మీద పిస్తోలు పేల్చాడు. మందు అంటుకోక బతికిపోయాడు. ఈ పిల్లల విషయంలో ఏ కోర్టు ఏ తీర్పు ఇచ్చింది? ఏదీ లేదు. రాజుగారి చీటీ వల్ల అల్లుడూ దాగాడు, అతని నేరమూ దాగింది.

నల్లకోటు (సాయంత్రం 4:30)

ఆ ఆఖరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు.

నిర్వాహకులు (సాయంత్రం 5:02)

ఒక సభ్యుడు అతని నవలలోంచి కొన్ని పేజీల అనువాదం ఇక్కడ అతికించారు. తొలగించాం. చర్చ బాగుంది, కొనసాగించండి. ఆ పేజీలు కావలసినవారు పుస్తకం కొనుక్కోవచ్చు.

పాత అచ్చు (రాత్రి 8:17)

బండరాయి అడిగిన బాస్టీల్ కథకు వద్దాం. వాన్సెన్ కోటను మూసేయడంతో 1784 ఫిబ్రవరి 29న అతణ్ణి బాస్టీల్‌కు మార్చారు. పెట్టింది ఏ బురుజులోనో తెలుసా? దాని పేరు స్వేచ్ఛా బురుజు! పేరు పెట్టినవాడికి నమస్కారం.

అక్కడ 1785 అక్టోబర్ 22న ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. కాగితాలు ఎక్కడ లాక్కుంటారోనని చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి అతికించి చుట్టగా చేశాడు. వెడల్పు మన అరచేతికి కొంచెం ఎక్కువ, పొడవు దాదాపు 12 మీటర్లు. దీపం వెలుగులో, చీమతలకాయంత అక్షరాలతో, రెండువైపులా రాశాడు. 37 రోజులు పట్టింది. అదే "సోడోం 120 రోజులు". పుస్తకం పూర్తి కాలేదు, చివరి భాగాలు ఒట్టి జాబితాలుగా మిగిలిపోయాయి. చదవడానికి ప్రయత్నించాను. మూడోవంతు దగ్గర ఆపేశాను. భయంకరమని కాదు, విసుగు. హింసను ఖాతా పుస్తకంలా రాసుకుంటూ పోతాడు.

ఇక 1789 జూలై 2. బయట పారిస్ ఉడుకుతోంది, బాస్టీల్ బురుజుల మీద వాహ్యాళి ఆపేశారు. మన దొరకు ఒళ్ళు మండింది. మురికినీళ్ళు పోసే రేకు గొట్టం తీసుకుని, దాన్ని మైకులా నోటికి పెట్టుకుని, కిటికీలోంచి వీధిలోకి అరిచాడు: లోపల ఖైదీలను గొంతులు కోస్తున్నారు, వచ్చి కాపాడండి అని. అబద్ధమే అనుకోండి. రెండు రోజుల్లో, అర్ధరాత్రి, కట్టుబట్టలతో షరాంటన్ పిచ్చాసుపత్రికి తరలించారు. ఆరువందల పుస్తకాలు, రాతప్రతులు, సామాను అన్నీ గదిలోనే ఉండిపోయాయి. జూలై 14న జనం లోపలికి దూసుకువచ్చేసరికి బాస్టీల్‌లో ఉన్నది ఏడుగురు ఖైదీలు. సాద్ గది లూటీ అయింది. ఆ చుట్ట కోసం రక్తకన్నీరు కార్చానని తర్వాత ఉత్తరంలో రాసుకున్నాడు. పోయిందనే అనుకుంటూ చనిపోయాడు.

అది పోలేదు. గోడ సందులో ఎవరికో దొరికింది, చేతులు మారింది, 1904లో బెర్లిన్‌లో ఒక వైద్యుడు మారుపేరుతో అచ్చువేశాడు. 1929లో సాద్ వంశానికే చెందిన మారీ లోర్, ఆమె భర్త నొవాయ్ కొన్నారు. 1982లో దొంగతనంగా స్విట్జర్లాండ్ చేరింది, ఏళ్ళ తరబడి దావాలు నడిచాయి. 2014లో 70 లక్షల యూరోలకు ఒక పెట్టుబడుల కంపెనీ కొంటే, ఆ కంపెనీయే దివాలా తీసింది. చివరికి 2021లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక దాత ఇచ్చిన డబ్బుతో 45 లక్షల 50 వేల యూరోలకు కొని జాతీయ గ్రంథాలయానికి చేర్చింది. జాతీయ సంపద అట.

బండరాయి (రాత్రి 8:40)

రాసినవాణ్ణి పిచ్చాసుపత్రిలో పెట్టి, రాసినదాన్ని జాతీయ సంపద అన్నారా!

మడతపేజీ (రాత్రి 9:05)

అతని జైలు ఉత్తరాలు కొన్ని ఈ మధ్యాహ్నం దొరికితే చదివాను. నవలల కంటే ఇవే ఎక్కువ భయపెట్టాయి, నవ్వించాయి కూడా. భార్యకు కేకు పంపమని రాస్తాడు. చాక్లెట్ కేకు కావాలి, పైన పూతగా కాదు, లోపల కూడా చాక్లెట్ ఉండాలి, సైతాను పిర్రల్లా నల్లగా ఉండాలి అని. కొరికితే చాక్లెట్ రుచి తగలాలట! అలా తిని తిని కదలలేనంత లావయ్యాడు.

పెలజీ ఉత్తరాలను అధికారులు చదివి గాని ఇచ్చేవారు కారు. అందుకని మామూలు పంక్తుల మధ్య నిమ్మరసంతో రాసేది, దీపం సెగకు పట్టుకుంటే అక్షరాలు తేలేవి. అది కూడా పట్టుబడింది. అతనేమో ఆమె ఉత్తరాల్లో ఎన్ని పంక్తులు ఉన్నాయో, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలు కట్టి, విడుదల తేదీ అందులో దాచి చెబుతోందని నమ్మేవాడు. లెక్క తప్పితే ఆమెను తిట్టిపోసేవాడు. నాలుగేళ్ళ తర్వాత, 1781లో, మొదటిసారి చూడటానికి రానిచ్చారు. కొత్త బట్టలు కట్టుకుని వెళ్తే, ఎవరి కోసం ఈ సింగారం అని అనుమానం. అతని అనుమానం తీర్చడానికి ఆమె కన్యాశ్రమంలోకి మారి అక్కడే ఉంది.

ఇలాంటి ఆమె పిల్లలను పనికి తెచ్చిన వ్యవహారాన్ని దాచిందా? గడపదాటి గారూ, నాకు ఆమె మీద జాలి పడాలో, కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

గడపదాటి (రాత్రి 9:31)

రెండూ పడండి. నేను రెండూ పడుతున్నాను.

నల్లకోటు (సోమవారం, ఉదయం 7:10)

ఆ తర్వాతి కథ నేను అందుకుంటాను, కోర్టుకు వెళ్ళేలోగా.

రాజముద్ర చీటీలను విప్లవ ప్రభుత్వం రద్దు చేయడంతో 1790 ఏప్రిల్ 2న బయటపడ్డాడు. యాభై ఏళ్ళు నిండబోతున్నాయి. దొర కాస్తా పౌరుడు సాద్ అయ్యాడు. పారిస్‌లో పీక్ విభాగానికి (విప్లవ కాలపు వార్డు లాంటిది) కార్యదర్శి, 1793లో కొన్నాళ్ళు అధ్యక్షుడు. విప్లవ నాయకుడు రోబెస్పియెర్ ఉండే విభాగం అది. అక్కడ, తనను పదమూడేళ్ళు మూసిపెట్టించిన అత్తమామల పేర్లు అతని ముందుకు వచ్చాయి. ఒక్క మాట అంటే తలలు తెగేవి. పేర్లు కాపాడే జాబితాలో పెట్టించాడు. నా పగ ఇలా తీర్చుకున్నాను అని లాయరుకు ఉత్తరం రాశాడు.

హింస గురించి అన్ని పేజీలు రాసినవాడికి తలలు నరికే యంత్రం గిలొటిన్ నచ్చలేదు. మితవాది అని 1793 డిసెంబరులో అరెస్టు చేశారు. 1794 జూలైలో మరణశిక్షల జాబితాలో అతని పేరు ఉంది. పిలిచిన రోజున మనిషి దొరకలేదు. ఆ రోజే రోబెస్పియెర్ పడిపోయాడు. అప్పుడు అతను ఉన్నది పిక్‌పూ జైలులో. ఆ తోటలోనే తలలు తెగిన 1306 మందిని పాతిపెట్టారు. ఆ దృశ్యం బాస్టీళ్ళన్నీ కలిపినదానికంటే వందరెట్లు బాధపెట్టిందని రాశాడు.

ఇక మడతపేజీ గారి అసలు ప్రశ్నకు జవాబు. రాసినందుకు జైలు అంటే అది 1801 మార్చి 6తో మొదలవుతుంది. "జస్టీన్" అనే నవల 1791లో రచయిత పేరు లేకుండా వచ్చింది, "జూలియెట్" తర్వాత. ప్రచురణకర్త కార్యాలయంలో రాతప్రతులతో సహా పట్టుకున్నారు. విచారణ పెడితే రచ్చ అవుతుందని విచారణే పెట్టలేదు. 1803 నుంచి షరాంటన్ ఆసుపత్రిలో, 1814 డిసెంబర్ 2న చనిపోయేదాకా. కాబట్టి జైల్లో కాదు, పిచ్చాసుపత్రిలో పోయాడు. పిచ్చి ఉందా అంటే, అక్కడి ప్రధాన వైద్యుడు రోయే కొలార్ 1808లో పోలీసు మంత్రికి రాసిన లేఖలో ఇతను పిచ్చివాడు కాదని, ఇతని పిచ్చి దుర్మార్గమేనని, కోటకో జైలుకో పంపమని కోరాడు. రాజు, విప్లవం, నెపోలియన్ ఒకరికొకరు పడని ముగ్గురు. ఇతణ్ణి లోపల ఉంచే విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట.

లియోన్‌లో ఉంటాను (ఉదయం 9:26)

షరాంటన్ గురించి ఒక ముక్క. అక్కడి సంచాలకుడు కుల్మియే, నాలుగడుగుల పొట్టి మనిషి, రోగులకు నాటకాలు మందు అని నమ్మేవాడు. ఆ నాటకాలు ఆడించింది సాద్. రోగులు వేషాలు వేస్తే చూడటానికి పారిస్ పెద్దమనుషులు బళ్ళు కట్టుకుని వచ్చేవారట. 1813లో ప్రభుత్వం ఆపించింది.

బండరాయి (ఉదయం 10:03)

సమాధి చూశారా మరి, మీరు అక్కడే ఉన్నారు కదా?

లియోన్‌లో ఉంటాను (ఉదయం 10:41)

సమాధి లేదు. 1806 వీలునామాలో, తన పొలంలోని అడవిలో ఏ తంతూ లేకుండా పూడ్చి, పైన సింధూర వృక్షపు గింజలు చల్లమన్నాడు, ఆనవాలు కూడా మిగలకూడదని. వినలేదు. షరాంటన్ శ్మశానంలో శిలువ పెట్టి క్రైస్తవ పద్ధతిలోనే పూడ్చారు. కొన్నేళ్ళకు తవ్వినప్పుడు రమోన్ అనే వైద్యుడు పుర్రె తీసుకుని, అప్పటి కపాల శాస్త్రం ప్రకారం కొలతలు వేశాడు. దయ, దైవభక్తి కనిపిస్తున్నాయని, క్రైస్తవ ధర్మపితరుల పుర్రెలా ఉందని తేల్చాడు! ఆ పుర్రెను ష్పుర్త్‌సైమ్ అనే కపాల శాస్త్రవేత్త తీసుకుపోయాడు, మళ్ళీ దొరకలేదు. రాతప్రతుల్లో ఒక పెద్ద నవలను సొంత కొడుకే పోలీసులను అడిగి మరీ తగలబెట్టించాడు.

మడతపేజీ (మధ్యాహ్నం 1:15)

పెలజీ ఏమైంది? అది చెప్పకుండా ఆపేశారు మీరందరూ.

పాత అచ్చు (మధ్యాహ్నం 2:50)

1790లో అతను విడుదలై నేరుగా ఆమె ఉన్న కన్యాశ్రమం తలుపు తట్టాడు. చూడనంది. పదమూడేళ్ళు కేకులు, కొవ్వొత్తులు, పుస్తకాలు, జోళ్ళు మోసిన మనిషి, అతను బయటికి వచ్చిన రోజున తలుపు తీయలేదు. ఆ జూన్‌లోనే విడిపోవడానికి కోర్టు అనుమతి ఇచ్చింది, కట్నంలో లక్షా అరవై వేల లీవ్రలకు పైగా తిరిగి ఇవ్వమంది. అతని దగ్గర ఎక్కడివి? ఆస్తి మీద అప్పుగా రాశారు. 1796లో లకోస్త్ అమ్ముకున్నాడు. ఆమె 1810లో నార్మండీలోని పుట్టింటివారి ఎషోఫూర్ కోటలో చనిపోయింది, కూతురు దగ్గర.

గడపదాటి (మధ్యాహ్నం 3:04)

కట్నం వసూలయిందా మాస్టారూ?

పాత అచ్చు (మధ్యాహ్నం 3:11)

వడ్డీ కూడా సరిగ్గా కట్టలేదమ్మా.